తెర మీద 20.9 ఉంది, గదిలో ఎంత ఉంది?

మందుల ఫ్యాక్టరీలో సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి మందును ద్రవం నుంచి వేరు చేసే యంత్రం) గది తలుపు పక్కన, కళ్లెత్తులో, లోపలి గాలిలో ఆక్సిజన్ శాతం చూపే ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. దాని తెర మీద 20.9 అని ఎర్రంకెలు వెలుగుతుంటాయి, మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం అదే. షిఫ్టు ఎక్కినవాళ్లు ఆ అంకెను ఓ చూపు చూసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోతారు. ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తోంది, ఎప్పుడు నమ్మొచ్చు, ఎప్పుడు నమ్మకూడదు అన్నది మాత్రం పెట్టె బిగించినవాళ్లకే పరిమితమైపోతుంది. ఒక్కోసారి వాళ్లకూ పూర్తిగా తెలియదు.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ఫార్మా సిటీ, ఎక్కడైనా సాల్వెంట్లు (రసాయనాలను కరిగించే, తేలిగ్గా అంటుకునే ద్రవాలు) వాడే బ్లాకులో నైట్రోజన్ లైన్ లేకుండా పని నడవదు. టోలీన్, మెథనాల్ లాంటి సాల్వెంట్లు ఉన్న రియాక్టర్లోకి, అంటే రసాయన చర్య జరిగే మూత పాత్రలోకి గాలి చేరితే అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి పైన ఖాళీ జాగాను నైట్రోజన్‌తో నింపి ఉంచుతారు. సెంట్రిఫ్యూజ్‌లోనూ అంతే. నిప్పు నుంచి కాపాడే ఆ నైట్రోజనే ఒక గ్యాస్కెట్ గుండానో, మూయడం మరిచిన వెంట్ గుండానో గదిలోకి వస్తే మనిషి ప్రాణం తీస్తుంది.

గాలిలో 78 పాళ్లు నైట్రోజనే కదా, పీలిస్తే ఏమవుతుంది అనుకోవడం సహజం. మనకు ఊపిరాడట్లేదన్న బాధ కలిగేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. నైట్రోజన్ నిండిన గదిలో మనిషి ఆ వాయువును మామూలుగానే బయటికి వదిలేస్తుంటాడు. అందుకే ఉక్కిరిబిక్కిరి కాడు, దగ్గు రాదు, వాసన తెలియదు. ఆక్సిజన్ 16 శాతానికి వచ్చేసరికి నాడి, శ్వాస వేగం పెరుగుతాయి, బుద్ధి మందగిస్తుంది. 10–12 మధ్య పెదాలు నీలమెక్కుతాయి, కాళ్లు మాట వినవు. 6 కిందికి పోతే ఒకటి రెండు ఊపిరుల్లోనే కూలిపోవచ్చు. బయటికి పోవాలన్న ఆలోచన రావాల్సిన బుద్ధే ముందు చెడుతుంది, ఇదీ అసలు ప్రమాదం.

అమెరికా రసాయన భద్రతా బోర్డు 1992 నుంచి 2002 దాకా ఆ దేశంలో జరిగిన నైట్రోజన్ ప్రమాదాలు 85 లెక్క తీస్తే, వాటిలో 80 మంది చనిపోయారని తేలింది. 2021 జనవరి 28న అక్కడే జార్జియా రాష్ట్రం గెయిన్స్‌విల్‌లో ఒక కోడిమాంసం ప్లాంటులో ద్రవ నైట్రోజన్ ఫ్రీజర్ పొంగిపొర్లి ఆరుగురు చనిపోయారు. మట్టం కొలిచే సన్నటి గొట్టం వంగిపోయింది, ఫ్రీజర్ నిండుతున్నా సరఫరా ఆగలేదు. ఆక్సిజన్ తగ్గిందని అరిచే అలారం ఆ గదిలో లేదు.

అలారం ఉన్నచోట కూడా ఆ పెట్టె లోపల ఏం జరుగుతోందో తెలియకపోతే లేనట్టే లెక్క.

పెట్టెలో ఉన్నది ఒక చిన్న బ్యాటరీ

పని గదుల్లో వాడే ఆక్సిజన్ సెన్సార్లలో ఎక్కువ భాగం గాల్వానిక్ సెల్ రకానివి. బొటనవేలంత డబ్బాలో సీసం ఒక ఎలక్ట్రోడ్, బంగారమో వెండో పూసినది రెండో ఎలక్ట్రోడ్, మధ్యలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. గాలి లోపలికి రావడానికి వెంట్రుక సందంత రంధ్రం, లేదా ఒక పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. లోపలికొచ్చిన ఆక్సిజన్ సీసాన్ని ఆక్సైడ్‌గా మారుస్తుంది, ఆ మార్పులో కరెంటు పుడుతుంది. ఎక్కువ ఆక్సిజన్ వస్తే ఎక్కువ కరెంటు. ఆ కరెంటునే పక్కనున్న సర్క్యూట్ శాతంగా మార్చి చూపిస్తుంది.

అంటే ఈ సెల్ వాడినా వాడకపోయినా అరుగుతూనే ఉంటుంది. స్టోర్‌లో అట్టపెట్టెలో ఉన్నా గాలి తగులుతుంది కాబట్టి సీసం కరుగుతూనే ఉంటుంది. సీసం సెల్ సాధారణ ఆయుష్షు రెండేళ్లు. సీసం లేని కొత్త రకాలు ఐదేళ్ల దాకా వస్తాయి, ధర ఎక్కువ. రేటు కలిసొస్తుందని ఒకేసారి నాలుగేళ్లకు సరిపడా సెల్స్ కొనిపెట్టుకోవడం డబ్బు పారేసుకోవడమే. డబ్బా మీద తయారీ తేదీ చూసి, ఆరు నెలల్లో వాడగలిగినన్నే తెప్పించాలి.

సీసం అయిపోవచ్చినప్పుడు రీడింగ్ కిందికి జారుతుంది. గదిలో ఆక్సిజన్ బాగానే ఉన్నా 20.9 కాస్తా 20.2, 19.8 అవుతూ ఒకరోజు అలారం మోగుతుంది. విసుగు పుట్టించే లోపమే గానీ ప్రాణం తీసే లోపం కాదు. సన్నటి రంధ్రానికి తడి పట్టినా, దుమ్ము పూడుకున్నా ఇదే జరుగుతుంది. సెల్ చచ్చిపోతే అలారమే వస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉండేది అందుకే. ఆ ధీమా సగమే నిజం.

కేలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్ పంపి అంకెను సరిచేయడం) చేసేటప్పుడు సెన్సార్ మూతికి ఒక ప్లాస్టిక్ టోపీ తొడిగి, దానికి గొట్టం తగిలించి గ్యాస్ పంపుతారు. పనయ్యాక ఆ టోపీ తీయడం మరిచిపోయారనుకుందాం. లోపల చిక్కిన ఆ నాలుగైదు మిల్లీలీటర్ల గాలినే సెల్ చదువుతూ కూర్చుంటుంది. సన్నరంధ్రపు సెల్ తినే ఆక్సిజన్ ఎంత తక్కువంటే, 100 మైక్రోఆంపియర్ల కరెంటుకు గంటకు 0.02 మిల్లీలీటర్ల చిల్లర. ఐదు మిల్లీలీటర్ల గాలిలో ఒక మిల్లీలీటరు ఆక్సిజన్ ఉంటుంది, అది అయిపోవడానికి రోజున్నర పైనే పడుతుంది. అందుకే మొదటి గంటా రెండు గంటల్లో గదిలో ఆక్సిజన్ 12కి పడిపోయినా తెర మీద 20 పైచిలుకే కనిపిస్తుంటుంది. గోడలకు రంగు వేసేటప్పుడు సెన్సార్ పాడవకూడదని చుట్టిన టేపు, కడిగేటప్పుడు తొడిగిన పాలిథిన్ కవర్ కూడా ఇదే పని చేస్తాయి. అంకె బాగుందని చూసేముందు సెన్సార్ మూతి బయటికి కనిపిస్తోందా అని చూడాలి.

ఇంకొకటి, అంత తొందరగా తట్టనిది. సీసం దాదాపు అయిపోయిన సెల్ 20.9 దగ్గర సరిగ్గానే చూపిస్తుంది, కానీ అంతకంటే ఎక్కువ కరెంటు ఇచ్చే సత్తువ దానికి ఉండదు. గదిలో ఆక్సిజన్ 25కి పెరిగినా 21 దగ్గరే ఆగిపోతుంది. ఆక్సిజన్ సిలిండర్లన్నిటినీ ఒకే గొట్టానికి కలిపే మ్యానిఫోల్డ్ గదిలో, గ్యాస్ కటింగ్ జరిగే చోట ఇది పెద్ద ప్రమాదం. ఆక్సిజన్ ఎక్కువైన గాలిలో బట్టలు, జుట్టు చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటాయి. నైట్రోజన్ తయారు చేసే పీఎస్‌ఏ ప్లాంటు గదిదీ అదే సంగతి. అది గాలిలోంచి నైట్రోజన్ తీసుకుని, ఆక్సిజన్ ఎక్కువైన మిగులు గాలిని వదిలేస్తుంది. ఆ ఎగ్జాస్ట్ గొట్టం ఆరుబయటికి పోకుండా గదిలోనే ఆగితే ఒక మూల ఆక్సిజన్ ఎక్కువ, ఇంకో మూల తక్కువ. ఇలాంటి చోట్ల సెల్‌ను తక్కువ గ్యాస్‌తోనే కాకుండా 25 శాతం గ్యాస్‌తో కూడా పరీక్షించాలి.

శాతం కాదు, ఒత్తిడి

పొర ఉన్న రకం సెల్ నిజానికి శాతాన్ని కొలవదు. గాలిలో ఆక్సిజన్ వంతు ఒత్తిడిని కొలుస్తుంది. సముద్ర మట్టంలో ఉన్న విశాఖ వర్క్‌షాపులో 20.9కి సెట్ చేసిన సెన్సార్‌ను, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌కు తెచ్చి బిగిస్తే ఏమవుతుంది? అక్కడ గాలి ఒత్తిడి ఆరు శాతం పైన తక్కువ. సెన్సార్ 19.6 చూపిస్తుంది. అలారం 19.5 దగ్గర. ఇంకాస్త వాతావరణం మారితే చాలు, గాలిలో ఏ లోపం లేకుండానే హూటర్ మోగుతుంది.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన రోజున కూడా ఇంతే. ఒత్తిడి 1010 మిల్లీబార్ల నుంచి 980కి పడితే 20.9 కాస్తా 20.3 అవుతుంది. కాబట్టి ఈ రకం సెన్సార్‌ను ఎక్కడ బిగిస్తే అక్కడే సెట్ చేయాలి, లేదా ఒత్తిడి తేడాను సర్దుబాటు చేసే మోడల్ తీసుకోవాలి. సన్నరంధ్రం ఉన్న రకానికి ఈ తంటా లేదు, అది చూపేది దాదాపు శాతమే. కాకపోతే ఒత్తిడి ఒక్కసారిగా మారితే ఉలిక్కిపడుతుంది. ఏహెచ్‌యూ (గదికి తాజా గాలి పంపే యంత్రం) ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు, బరువైన తలుపు దబాల్న పడినప్పుడు రెండు మూడు సెకన్లు అంకె ఎగిరి మళ్లీ సర్దుకుంటుంది. అలారంకు రెండు మూడు సెకన్ల ఆలస్యం పెడితే సరిపోతుంది. ముప్పై సెకన్లు పెట్టే అలవాటు మంచిది కాదు.

ఉక్కపోత కూడా అంకెను తగ్గిస్తుంది, అయితే అది అబద్ధం కాదు. 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో నీటి ఆవిరే దాదాపు 4 శాతం చోటు ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ నిజంగానే 20.1 ఉంటుంది. ఏసీ ఉన్న గదిలో 20.7 వస్తుంది. జూన్ మధ్యాహ్నం ఆరుబయట 20.1 చూపిస్తోందని సెన్సార్ పాడైందనుకుని మార్చేయడం, పైగా దాన్ని బలవంతంగా 20.9కి తేవడం, రెండూ తప్పే.

ఏ గ్యాస్‌కి ఏ సెన్సార్

ఆక్సిజన్ సెన్సార్ ఒక్కటి పెడితే అన్ని గ్యాసులకూ కాపలా అనుకోకూడదు. గదిలో ఆక్సిజన్ 20.9 నుంచి 19.5కి తగ్గాలంటే బయటి గ్యాస్ 6.7 శాతం వచ్చి చేరాలి. ఆ గ్యాస్ నైట్రోజన్ అయితే అప్పటికింకా మనిషికి ఏమీ కాదు, సమయం ఉంది. అదే కార్బన్ డయాక్సైడ్ అయితే 6.7 శాతం అంటే 67,000 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ప్రాణాపాయ స్థాయిగా చెప్పే 40,000 పీపీఎంను ఎప్పుడో దాటేసింది. ఆక్సిజన్ అలారం మోగేలోపే మనిషి పడిపోవచ్చు. డ్రై ఐస్ గదికి, కూల్‌డ్రింక్ ప్లాంటుకు, కార్బన్ డయాక్సైడ్ ఫైర్ సిస్టం ఉన్న గదికి ఆ గ్యాస్‌ను నేరుగా కొలిచే సెన్సారే కావాలి. పైగా క్షార ద్రావణం ఉన్న సెల్ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని త్వరగా చెడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విష వాయువుల విషయంలో ఆక్సిజన్ అంకె చూసి ధైర్యపడటం ఇంకా పెద్ద పొరపాటు.

ఎంఆర్ఐ గదిలో కారే ప్రమాదం ఉన్నది హీలియం. తేలికైన హీలియంలో ఆక్సిజన్ అణువులు సన్నరంధ్రం గుండా తొందరగా దూరతాయి, అందుకే ఆ రకం సెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అక్కడ పొర రకమో, కాంతితో కొలిచే ఆప్టికల్ రకమో పెట్టాలి.

ఎక్కడ బిగించాలి, ఎన్ని

నైట్రోజన్ గాలికంటే కొంచెం తేలిక, కానీ తేడా ఎంత తక్కువంటే గది ఉష్ణోగ్రతలో అది గాలిలో కలిసిపోతుంది. లైన్‌లో వచ్చే నైట్రోజన్‌కైతే మనిషి ముక్కు ఎత్తున, నేల నుంచి 1.2–1.5 మీటర్ల మధ్య సెన్సార్ ఉండాలి. ద్రవ నైట్రోజన్ సంగతి వేరు. అప్పుడే ఆవిరైన గ్యాస్ చల్లగా, బరువుగా నేలను పట్టి పాకుతుంది. అక్కడ నేల నుంచి 30–50 సెంటీమీటర్ల ఎత్తున ఒకటి, ముక్కు ఎత్తున ఇంకొకటి పెట్టాలి. ఆర్గాన్ గాలికంటే 1.4 రెట్లు బరువు, వెల్డింగ్ జరిగే గుంటల్లో, ట్యాంకుల అడుగున పేరుకుంటుంది. హీలియంకు సీలింగ్ దగ్గర.

చోటు చూసేటప్పుడు మొదట గ్యాస్ ఎక్కడ కారుతుందో ఆలోచించాలి: రెగ్యులేటర్, ఫ్లెక్సిబుల్ హోస్ కలిసే చోటు, సేఫ్టీ వాల్వ్ నోరు, సెంట్రిఫ్యూజ్ మూత. తర్వాత మనిషి ఎక్కడ నిలబడతాడో. ఈ రెంటి మధ్య ఉండాలి సెన్సార్. తాజా గాలి వచ్చే గ్రిల్ కింద పెడితే అది గ్రిల్ గాలినే చదువుతుంది, గదిని కాదు. తెరిచిన తలుపు వెనక, అల్మారా పక్కన, ఎండ నేరుగా పడే చోట పెట్టకూడదు. సెల్స్ చాలావరకు 50 డిగ్రీల దాకానే, మే నెలలో ఎండకు కాగే ఇనుప పెట్టె అది దాటేస్తుంది. మూతి ఎప్పుడూ కిందికే ఉండాలి. పైకి పెడితే నీటిచుక్క రంధ్రం మీద నిలుస్తుంది.

తెర, హూటర్, దీపం మాత్రం గది బయట ఉండాలి. లోపల ఒక్కటే పెట్టి, అంకె చూడటానికి లోపలికి వెళ్లాల్సిన ఏర్పాటు చేస్తే ప్రయోజనం లేదు.

ఎంత ప్రమాదం ఉందో కాగితం మీద లెక్కేయొచ్చు. గది 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు అనుకుందాం, 60 ఘనపు మీటర్లు. ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 690 లీటర్ల గ్యాస్. 50 లీటర్ల డివార్ (ద్రవ నైట్రోజన్ నిల్వ చేసే ఫ్లాస్కు) ఒలికిపోతే 34.5 ఘనపు మీటర్లు. గదిలో మిగిలే ఆక్సిజన్ అంచనా: 20.9ని 25.5తో గుణించి 60తో భాగిస్తే 8.9 శాతం. ఆ గదిలోకి సెన్సార్ లేకుండా మనిషిని పంపకూడదు.

నెమ్మదిగా కారే లీకు లెక్క వేరుగా ఉంటుంది. అదే గదిలో గంటకు 10 ఘనపు మీటర్ల నైట్రోజన్ కారుతోంది. ఏహెచ్‌యూ గంటకు 240 ఘనపు మీటర్ల తాజా గాలి పంపుతుంటే ఆక్సిజన్ 20 దగ్గరే నిలుస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. రాత్రి కరెంటు ఆదా కోసం ఏహెచ్‌యూ ఆపేశారు. పది నిమిషాల్లో 19.5. నాలుగు గంటలు దాటిన కాసేపటికి 10. పొద్దున్నే తలుపు తీసినవాడు ఎదుర్కొనేది ఆ పది శాతాన్ని. అందుకే ఏహెచ్‌యూ ఆగితే నైట్రోజన్ మెయిన్ వాల్వ్ మూసుకునేలా ఇంటర్‌లాక్ పెట్టాలి. సెన్సార్‌కు మాత్రం కరెంటు ఎప్పుడూ పోకూడదు, యూపీఎస్ లైన్ ఇవ్వాలి.

వైరింగ్‌లో తప్పులు

మామూలు డిటెక్టర్‌కు 24 వోల్టుల డీసీ, మూడు తీగల షీల్డెడ్ కేబుల్. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 300 మీటర్ల దాకా ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. షీల్డ్‌ను ప్యానెల్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయాలి. రెండు చివర్లా ఎర్త్ చేస్తే పక్కన పెద్ద మోటారు స్టార్టయినప్పుడల్లా అంకె వణుకుతుంది. సాల్వెంట్ ఉన్న జోన్‌లో పెట్టె పీఈఎస్ఓ (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదించిన ఫ్లేమ్‌ప్రూఫ్ రకమే, అంటే లోపల పుట్టిన మంటను బయటికి పోనివ్వనిదే అయ్యుండాలి, కేబుల్ దూరే చోట బిగించే గ్లాండ్ కూడా. వాడని రంధ్రానికి స్టాపింగ్ ప్లగ్ వేయాలి, మూత బోల్టులు ఒక్కటీ తక్కువ కాకూడదు. ఒక బోల్టు లేకపోయినా అది ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు.

డిటెక్టర్ పంపే సిగ్నల్ 4–20 మిల్లీఆంపియర్లు, రేంజ్ అడుగుకు 4, పై అంచుకు 20. రేంజ్ 0–25 అయితే 20.9 శాతానికి 17.38, 19.5కి 16.48, 23.5కి 19.04 మిల్లీఆంపియర్లు రావాలి. మీటర్ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. డిటెక్టర్ 0–25కి, కంట్రోల్ రూమ్ డీసీఎస్ (ప్లాంటును నడిపే కంప్యూటర్ వ్యవస్థ) 0–30కి సెట్ అయి ఉంటే, పెట్టె మీద 20.9, కంట్రోల్ రూమ్ తెర మీద 25.1. తిరగబడి ఉంటే 17.4. రెండు చోట్లా ఒకే అంకె కనిపించే దాకా కమిషనింగ్ అయినట్టు సంతకం పెట్టకూడదు. కరెంటు 3.6 మిల్లీఆంపియర్ల కంటే తగ్గితే అది ఆక్సిజన్ సున్నా కాదు, తీగ తెగిందని. ప్యానెల్ దాన్ని ఫాల్ట్‌గా చూపించాలి. హూటర్‌ను మోగించే స్విచ్ అయిన రిలేను మామూలు వేళ కరెంటుతో పట్టి ఉంచి, అలారం వేళ వదిలేసేలా కలపాలి. అప్పుడు కరెంటు పోయినా, తీగ ఊడినా హూటర్ మోగుతుంది.

అలారం స్థాయిలు సాధారణంగా 19.5 మొదటిది, 18 రెండోది, ఎక్కువ వైపు 23.5. ఊరికే మోగుతోందని మొదటి అలారాన్ని 18కి దించడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఎందుకు మోగుతోందో కనుక్కుంటే పైన చెప్పిన ఒత్తిడో, తేమో, అరిగిన సెల్లో తేలుతుంది. నిజంగా లీకు కూడా అయ్యుండొచ్చు.

కేలిబ్రేషన్, అందులో ఒక బటన్

చాలా డిటెక్టర్లలో "ఫ్రెష్ ఎయిర్" అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే చాలు, ఉన్న గాలినే 20.9 అనుకుని అంకెను సరిచేసుకుంటుంది. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఈ బటన్‌తోనే. గదిలో లీకు ఉండి నిజంగా 18.8 ఉన్నప్పుడు, సెన్సార్ తక్కువ చూపిస్తోందని టెక్నీషియన్ అది నొక్కాడనుకోండి. తెర మీద 20.9 వస్తుంది, అందరూ కుదుటపడతారు. ఇకపై 19.5 అలారం మోగేది గదిలో నిజంగా 17.5 ఉన్నప్పుడు. 18 దగ్గర మోగాల్సిన రెండో అలారం 16.2 దగ్గర. ఒక్క వేలి నొక్కుతో కాపలా మొత్తం రెండు శాతం కిందికి జారిపోయింది.

అందుకే స్థిర డిటెక్టర్‌ను సిలిండర్ గ్యాస్‌తోనే కేలిబ్రేట్ చేయాలి. ముందు కంట్రోల్ రూమ్‌కు చెప్పి అలారం, ఇంటర్‌లాక్ తాత్కాలికంగా ఆపించాలి. చేతిలో పోర్టబుల్ మీటర్ పెట్టుకుని గది గాలి బాగుందని చూసుకోవాలి. టోపీ తొడిగి, నిమిషానికి అర లీటరు చొప్పున 99.99 శాతం నైట్రోజన్ పంపాలి. రెండు మూడు నిమిషాల్లో అంకె 0.2 లోపుకు రావాలి. రాకపోతే టోపీ పక్కనుంచి గాలి దూరుతోంది, లేదా సెల్ పొర చిరిగింది. తర్వాత 20.9 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్ గాలి పంపి, అంకె నిలకడగా ఆగాక స్పాన్, అంటే పై అంకె, సెట్ చేయాలి. ఫ్లో ఎక్కువ పెడితే మూతి దగ్గర ఒత్తిడి పెరిగి పొర రకం ఎక్కువ చూపిస్తుంది, అర లీటరు దాటకండి. ఆఖరున టోపీ తీసి, తీసినట్టు రాయాలి. అలారం మళ్లీ ఆన్ చేయించి, అదీ రాయాలి.

సెట్ చేయకముందు సెల్ ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తోందో (దాని కరెంటుకు కొలత ఇదే) పుస్తకంలో రాసుకోవడం చాలా విలువైన అలవాటు. కొత్త సెల్ గాలిలో 12 ఇచ్చింది, ఆరు నెలలకు 11.4, ఏడాదికి 10.6. ఇప్పుడు 8.5. తెర మీద అన్నిసార్లూ 20.9 అనే ఉంది, ఎందుకంటే ప్రతిసారీ సెట్ చేశారు. సెల్ చివరికి వచ్చిందని చెప్పేది ఆ మిల్లీవోల్టుల వరస ఒక్కటే. మూడు నుంచి ఆరు నెలలకోసారి కేలిబ్రేషన్, నెలకోసారి బంప్ టెస్ట్ సరిపోతాయి. బంప్ టెస్ట్ అంటే 17 శాతం గ్యాస్ కాసేపు పంపి, అంకె పడిందా, హూటర్ మోగిందా, దీపం వెలిగిందా, వాల్వ్ మూసుకుందా అని చూడటం. 20.9 నుంచి 17.4కి పదిహేను ఇరవై సెకన్లలో రావాలి. నిమిషం పడుతుంటే దుమ్ము ఫిల్టర్ మార్చాలి. అంకె మాత్రమే చూసి, హూటర్ పనిచేస్తుందో లేదో చూడకపోతే అది సగం పరీక్షే.

కారిన సెల్ కనిపిస్తే తెల్లటి పొడిలా పేరుకుని ఉంటుంది. ఉత్త చేతులతో ముట్టుకోకూడదు, అది చర్మాన్ని తినే క్షారం. గ్లౌజులు వేసుకుని తీసి, సీసం ఉంది కాబట్టి ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో వేయాలి.

పాత్ర లోపల లెక్క తిరగబడుతుంది

గదిలో కాకుండా రియాక్టర్ లోపల ఆక్సిజన్ కొలిచేటప్పుడు మనకు కావాల్సింది తక్కువ అంకె. టోలీన్ ఆవిరి నైట్రోజన్‌తో కలిసి ఉన్నప్పుడు ఆక్సిజన్ 9.5 శాతం దిగువన ఉంటే అంటుకోదు, మెథనాల్‌కు 10, హైడ్రోజన్‌కు 5. నిరంతరం కొలుస్తున్నచోట ఆ హద్దుకు రెండు శాతం కింద ఉంచడం వాడుక, అంటే టోలీన్‌కు 7.5. ఇక్కడ చచ్చిపోతున్న సెల్ తక్కువ చూపిస్తే ఎంత ఘోరమో చూడండి. గదిలో అది ఉత్త అలారం. ఇక్కడ మాత్రం "సురక్షితం, మోటారు తిప్పు" అన్న అబద్ధపు అనుమతి. ఒకే లోపం తలుపుకు ఈవైపు రక్షణ, ఆవైపు ప్రమాదం. కాబట్టి పాత్ర లోపలి ఎనలైజర్‌ను ప్రతి బ్యాచ్‌కు ముందు గాలితో పరీక్షించి 20.9 చూపిస్తుందని నిర్ధారించుకోవాలి. శాంపిల్ లైన్‌లో సాల్వెంట్ చెమ్మ పట్టకుండా కూలర్, ఫిల్టర్ ఉండాలి. ఇలాంటిచోట ఆక్సిజన్ అయస్కాంతానికి ఆకర్షించబడే గుణంతో పనిచేసే పారామాగ్నెటిక్ ఎనలైజర్ మేలు. బాయిలర్ పొగలో కొలిచే జిర్కోనియా ప్రోబ్‌ను ఇక్కడ పెట్టనే కూడదు. అది 700 డిగ్రీలకు కాగి ఉంటుంది. సాల్వెంట్ ఆవిరి దాని మీద మండి ఆక్సిజన్‌ను తినేస్తుంది, అంకె ఇంకా తక్కువ వస్తుంది, నిప్పు ప్రమాదం అదనం.

పాత్రలోకి మనిషి దిగాలంటే గోడ మీది డిటెక్టర్ అంకె పనికిరాదు. ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 36వ సెక్షన్ ఇలాంటి ఇరుకు చోట్లలోకి దిగే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించే ఉండేది. పోర్టబుల్ మీటర్ గొట్టాన్ని పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా దింపి చూడాలి. 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో మీటరుకు 12.6 మిల్లీలీటర్ల పాత గాలి ఉంటుంది. నిమిషానికి అర లీటరు లాగే పంపు దాన్ని ఖాళీ చేయడానికి మీటరుకు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆరు మీటర్ల గొట్టమైతే రెట్టింపు లెక్కేసి 18 సెకన్లు, దానికి సెల్ తేరుకునే 20 సెకన్లు కలిపి, ప్రతి మట్టం దగ్గరా కనీసం 40 సెకన్లు ఆగి అంకె రాయాలి. గొట్టం దింపీదింపగానే కనిపించేది పైన ఉన్న గాలి.

అలారం మోగిందంటే లోపలున్నవాళ్లు బయటికి, బయటున్నవాళ్లు బయటే. లోపల ఒకరు పడి ఉన్నా సరే, గాలి సిలిండర్ వీపున ఉన్న శ్వాస పరికరం లేకుండా తలుపు దాటకూడదు. గుడ్డ మాస్కు, రసాయన ఫిల్టర్ మాస్కు ఆక్సిజన్‌ను తయారు చేయవు. నైట్రోజన్ మెయిన్ వాల్వ్ బయటినుంచే మూయగలిగేలా ఉండాలి, అది ఎక్కడుందో రాత్రి షిఫ్టులో కొత్తగా చేరినవాడికి కూడా తెలియాలి. గాలి ఆడించాక, అలారం ఆగాక, లోపలికి వెళ్లేది పోర్టబుల్ మీటర్ చేత పట్టుకున్నవాడే. ఆ మీటర్ అంకె, గోడ మీది డిటెక్టర్ అంకె 0.3 లోపు కలిస్తే గది తెరవొచ్చు. కలవకపోతే ఏది తప్పో సిలిండర్ గ్యాస్‌తో తేలేదాకా తలుపు మూసే ఉంచాలి, ఫ్రెష్ ఎయిర్ బటన్ ముట్టుకోకూడదు.